మాటల పెట్టెలో కాపురం

పెట్టెకున్న తీగల్లో కరెంటుది తప్ప అన్నీ పీకేసి అరగంటయింది. పీకేసిన తీగల అవతలి కొసన ఉండాల్సిన మనిషి అక్కడికి ఏడు కిలోమీటర్ల దూరంలో, కాకినాడ జగన్నాథపురంలో, తన ఇంట్లో మంచం మీద ఉన్నాడు. అయినా సరే, కాలేజీ ప్రయోగశాలలో బల్ల మీదున్న పెట్టె ఆ మనిషి గొంతుతోనే మాట్లాడింది.

"రాజ్యం, వాసన బావుందే."

మందాకిని చేతిలోని కాఫీ గ్లాసు జారి కిందపడి పగిలింది. ఎదురుగా కూర్చున్న జోసెఫ్ రత్నం అప్పుడే టిఫిన్ క్యారియర్ మూత తీసి ఓ కజ్జికాయ అందుకున్నాడు. ఆ చెయ్యి నోటిదాకా వెళ్లకుండా సగంలోనే ఆగిపోయింది. ముప్పయ్యేళ్లుగా ఆ కాలేజీలో కంప్యూటర్లు బాగుచేస్తున్న మనిషి, దేనికీ తొందరగా బెదరడు. ఇప్పుడు మాత్రం కజ్జికాయను నెమ్మదిగా గిన్నెలో పెట్టేశాడు.

"ఇది ఎవరికైనా తగిలించి ఉందా అమ్మా?"

"లేదండీ."

"మరెవరు మాట్లాడారు?"

మందాకిని వంగి పెట్టె వెనక్కి చూసింది. కరెంటు తీగ తప్ప మరేదీ గుచ్చి లేదు.

ఆ గొంతు ఆవిడ బావ, అక్క మొగుడు వీరభద్రానిది. పడవ ఇంజన్ల మెకానిక్కు. జెట్టీలో ఆయన నోటికి ఎదురు లేదు. ఇంజను మొండికేస్తే ఇంజన్నీ, దాన్ని అమ్మినవాణ్నీ, కొన్నవాణ్నీ కలిపి తిట్టేవాడు, తిడుతూనే బాగుచేసేవాడు. అలాంటి మనిషికి ఏడాదిన్నర కిందట మెదడు అడుగుభాగంలో రక్తం గడ్డకట్టింది. ప్రాణం పోలేదు, తెలివి పోలేదు, చెవులు పోలేదు. మిగతావన్నీ పోయాయి. కనురెప్ప కూడా ఆయన మాట వినడం మానేసింది. గొంతుకి పెట్టిన గొట్టంతో ఊపిరి, పొట్టకి పెట్టిన గొట్టంతో తిండి.

మరదలు ఊరుకోలేదు. ఆరేళ్లుగా తను తయారుచేస్తున్న మాటల పెట్టెను తెచ్చి బావ మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. దాంతోపాటు తలకి పదహారు గుండీలున్న టోపీ. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే నడిచి వెళుతుంటాయి. కావాల్సిన అక్షరం రాగానే వీరభద్రం మనసులో పిడికిలి బిగించాలి. చెయ్యి బిగుసుకోదు గాని, బిగించాలన్న తలపుకి మెదడులో పుట్టే చిన్నపాటి కరెంటు టోపీకి అందుతుంది. అలా రెండు మూడు అక్షరాలు దొరికితే చాలు, మిగతా వాక్యాన్ని పెట్టెలోని 'పూరణి' అనే ప్రోగ్రాము ఊహించి, పూర్తిచేసి, ఆయన గొంతుతోనే పలుకుతుంది. పదకొండేళ్లుగా ఆయన ఫోన్లో పంపిన వాయిస్ మెసేజీలన్నీ వినిపించి మందాకిని దానికి మాటలు నేర్పింది. సందర్భం తెలియాలని గదిలో వాళ్లు మాట్లాడుకునేది కూడా వినేలా పెట్టింది.

మొదటి రోజు పెట్టెలోంచి వచ్చిన మాట, "ఫ్యాను తగ్గించండ్రా." ఇంటిల్లిపాదీ ఏడ్చారు, నవ్వారు, ఫ్యాను తగ్గించడం మాత్రం మరిచిపోయారు.

వానలు పట్టాక మాటలు మందగించాయి. అమ్మో, మనిషి నీరసించిపోతున్నాడని అందరూ భయపడ్డారు. శ్రావణంలో ఒక్కసారిగా పుంజుకున్నాయి. రోజుకి ఇరవై మాటలనే మనిషి మూడు వందలు అనసాగాడు. ఈ అభివృద్ధి మీద మందాకిని ఓ పెద్ద వ్యాసం రాసి పంపింది కూడా. అందరికన్నా ఎక్కువ మురిసిపోయింది ఆవిడ అక్క రాజ్యలక్ష్మి. పెళ్లై ఇరవై ఆరేళ్లయినా 'ఏమే' తప్ప మరో పిలుపు ఎరుగని మనిషికి, "రాజ్యం, నువ్వు బంగారమే" అని వినిపిస్తే ఎలా ఉంటుంది? తడిచేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేది. ఒళ్లు కూడా చేసింది.

అదే పెట్టె తొమ్మిది రోజుల కిందట, మంగళవారం పొద్దున, అదే గొంతుతో ఇంకో మాటంది. "ఇక చాలు రాజ్యం. ఈ ఊపిరి మిషను ఆపించెయ్."

అలాంటి కోరిక రోగి తనంతట తాను అడిగినదేనని పెట్టెను తయారుచేసినవాళ్లు సంతకం పెడితే, డాక్టరు ఒప్పుకోవచ్చని కొత్తగా నియమం వచ్చింది. మందాకిని సంతకం పెట్టింది. ఈ రోజు గురువారం. సాయంత్రం నాలుగింటికి డాక్టరు భాస్కరం గారు ఇంటికొచ్చి మిషను ఆపుతారు. "ఆపేముందు పెట్టెలో ఉన్న ఆయన మాటలన్నీ కాపీ చేసి పెట్టవే, తరవాత వినుకుంటాను" అని అక్క అడిగితే, ఆ పని కోసమే మందాకిని పొద్దున్నే పెట్టెను ప్రయోగశాలకి మోసుకొచ్చింది.

"మూత తీస్తానమ్మా" అన్నాడు జోసెఫ్, స్క్రూడ్రైవరు అందుకుని. "వానాకాలంలో ఎవరి కంప్యూటరు తెచ్చినా లోపల ఏదో ఓ సంసారం ఉంటది. ఓసారి ప్రిన్సిపాలు గారి దాంట్లో ఎలకపిల్లలు ఐదు. తల్లి నా వేలు కరిచింది. నేను బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకుంటుంటే ఆయన ఫైళ్లు ఏమయ్యాయని అడిగాడు."

మందాకినికి నవ్వు రాలేదు. మూత లేచింది.

ముందు కనిపించినవి రెండు బల్లిగుడ్ల పెంకులు. ఫ్యాను మూల సాలెగూడు, దాన్నిండా దుమ్ము. జోసెఫ్ కుంచెతో దాన్ని పక్కకి తీశాడు. కింద చలిచీమలు. వందలో, వేలో. వెచ్చటి చిప్పు మీద తెల్లటి గుడ్లు కుప్పగా పోసుకుని, వాటి చుట్టూ తిరుగుతున్నాయి. స్పీకరు జాలీ నుంచి లోపలిదాకా ఓ బారు, వస్తున్నవీ పోతున్నవీ. జాలీ చిల్లుల్లో ఏదో జిగురుగా ఎండిపోయి ఉంది. జోసెఫ్ గోటితో గీకి వాసన చూశాడు.

"బెల్లం పాకం. దీనికి తీపి ఎవరు తినిపించారు?"

ఎవరో మందాకినికి తెలుసు. వాళ్ల ఇంట్లో మగవాడు తినకుండా అక్క మెతుకు ముట్టదు. ఆయన తినడం మానేశాక రెండు నెలలు సరిగా తిండే తినలేదు. పెట్టె వచ్చి ఆయన మాట్లాడటం మొదలుపెట్టాక ఓ దారి కనిపెట్టింది. ఏం వండినా కంచంలో పెట్టి పెట్టె ముందుంచేది. ఓ మెతుకో, ఓ పాకం చుక్కో తీసి, మాట వచ్చే ఆ జాలీకి అంటించేది. "ఊరికే అలా పెదవికి రాసినట్టు" అనేది. పెట్టె బావుందంటే మర్నాడు ఇంకాస్త తీపి చేసేది. అది చూసి మందాకిని కూడా కళ్లు తుడుచుకుందే తప్ప, కంప్యూటరుకి పాకమేమిటే అని అడగలేదు. అడిగితే అక్క మళ్లీ తిండి మానేస్తుందని భయం.

"ఇది చూడండి" అన్నాడు జోసెఫ్. కుంచె కొసతో ఓ మూలకి చూపించాడు.

టోపీ తీగ గుచ్చే చోటు నుంచి పదహారు సన్నటి తీగలు పెట్టె లోపల ఓ చిన్న బోర్డు మీద పదహారు పిన్నులకి అతికి ఉండాలి. అతికి లేవు. పైతొడుగంతా కొరికేసి ఉంది. తేమకి కొసలు చివికి విడిపోయి, ఎటువాటికటు వేలాడుతున్నాయి.

"ఒక్కటి కూడా..."

"ఒక్కటి కూడా తగిలి లేదమ్మా. కొసలు చూడండి, పచ్చగా చిలుము పట్టాయి. తెగి నెల పైమాటే."

నెల పైమాట. శ్రావణం మొదలై నలభై రోజులు. రోజుకి మూడు వందల మాటలు.

మందాకిని బల్ల మీది తెరను పెట్టెకి కలిపింది. "జోసెఫ్ గారూ, ఆ కజ్జికాయ లోపలి పొడి చిటికెడు తీసి, బోర్డుకి అటువైపు వెయ్యండి" అంది. తన గొంతు ఎవరిదో అన్నట్టు వినిపించింది ఆవిడకి.

జోసెఫ్ వేశాడు. నిమిషం గడిచింది. గుడ్ల దగ్గరి నుంచి ఓ చీమ కదిలింది, దాని వెనక ఇంకోటి, ఆపైన ఓ బారు. తీపి దగ్గరికి దగ్గరి దారి పదహారు పిన్నుల మీదుగా ఉంది. ఓ చీమ రెండు పిన్నుల మధ్య కాళ్లు ఆనించినప్పుడల్లా తెర మీద చిన్న గీత లేచింది. ఓ మనిషి మనసులో పిడికిలి బిగిస్తే లేచే గీత కూడా అంతే ఉంటుంది. తెర మీద 'రా' అన్న అక్షరం దగ్గర వెలుగు ఆగింది.

"రాజ్యం" అంది పెట్టె. కాసేపటికి మళ్లీ అంది. "రాజ్యం, నువ్వు బంగారమే."

జోసెఫ్ సిలువ గుర్తు వేసుకున్నాడు. కుంచె కొసతో తీపిని తీసేశాడు. చీమలు చెదిరాయి. పెట్టె ఊరుకుంది.

మందాకిని మొహం చేతుల్లో దాచుకుంది. ఎక్కడెక్కడ చేయి జారిందో అన్నీ తెలుస్తున్నాయి. బావ తలపులు మరీ బలహీనంగా ఉన్నాయని వడపోత హద్దును జూన్‌లో తగ్గించింది తనే. ఎంత చిన్న కదలికనైనా వదలొద్దనుకుంది. పెట్టె వదల్లేదు, చీమ కాలిని కూడా. మెసేజీలు నేర్పేటప్పుడు "ఆ తిట్లు మాత్రం తీసెయ్యవే, పదిమందిలో పరువు పోద్ది" అని అక్క బతిమాలితే తీసేసింది కూడా తనే. అందుకే పూరణికి మంచి మాటలే మిగిలాయి. రాజ్యం అన్న పేరు ఆయన స్నేహితులకి పంపిన మెసేజీల్లోది. ఎదుట 'ఏమే' అని, చాటున 'మా రాజ్యం' అనే రకం ఆయన.

"మంగళవారం మాట చూడండమ్మా" అన్నాడు జోసెఫ్ మెల్లగా. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

పెట్టె తన పనంతా గంటల వారీగా రాసుకుంటుంది. మందాకిని ఆ రోజు తెరిచింది. పదకొండూ పది. ఆ పొద్దున అక్క పూర్ణాలు వండిందని ఆవిడకి గుర్తుంది, తనూ తిన్నది మరి. ఆ వేళకి పిన్నుల మీద దొరికిన అక్షరాలు రెండే రెండు. 'ఇ', 'చా'. మిగతాదంతా పూరణి అల్లింది. దేన్ని పట్టి అల్లిందో కూడా పక్కనే ఉంది. దానికి రెండు నిమిషాల ముందు గదిలో వినిపించిన మాటలు, అక్క ఫోన్లో ఎవరితోనో అన్నవి. "ఇంకెన్నాళ్లు పిన్నీ ఈ ఊపిరి మిషను. ఇక చాలనిపిస్తోంది."

మందాకిని ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. జోసెఫ్ చూడకుండా ఆ పేజీ మూసేసింది.

అప్పుడు అసలు సంగతి తట్టింది. ఆయన చెవులు పనిచేస్తున్నాయి. నలభై రోజులుగా తన గొంతుతో ఎవరో మాట్లాడుతుంటే ఆయన వింటున్నాడు. తను అననివి అంటుంటే, వాటికి పెళ్లాం మురిసిపోతుంటే వింటున్నాడు. తన చావు తన గొంతే అడగడం విన్నాడు. అందరూ ఆ మంచం పక్కనే నిలబడి, నెమ్మదిగా, మర్యాదగా, సరేననడం కూడా విన్నాడు. డాక్టరు ఏ రోజు, ఎన్నింటికి వస్తాడన్నది కూడా ఆయన ఎదుటే అనుకున్నారు.

ఫోను తీసి అక్కకి చేసింది.

"అక్కా, డాక్టరు గారికి ఫోన్ చేసి ఇవాళ రావద్దని చెప్పు."

"ఎందుకే?"

"పెట్టెలో తేడా ఉంది. వచ్చి చెప్తాను."

"చూడు మందా, నీకు ధైర్యం చాలకపోతే నువ్వు రావద్దు. నేనేం అనుకోను. ఆయన నోరు తెరిచి నన్ను అడిగింది ఇదొక్కటే, నా కష్టం నన్ను పడనీ" అంది. ఫోను పెట్టేసింది. ఆ తరవాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

డాక్టరు నంబరుకి చేస్తే ఆయన ఆపరేషన్ థియేటర్లో ఉన్నారన్నారు. మందాకిని ఆ నర్సుకి సంగతి చెప్పింది, రాసుకోమంది. ఆవిడ రాసుకుందో లేదో దేవుడికి తెలియాలి.

"ఉత్త చేతులతో వెళ్తే మీ అక్కగారు నమ్మరమ్మా" అన్నాడు జోసెఫ్. "పెట్టెను బాగుచేసే తీసుకెళ్దాం. ఆయన్నే చెప్పనిద్దాం."

మందు కొడితే చీమలు చస్తాయి గాని బోర్డు కూడా పాడవుతుంది. ఎండలో పెడితే అవే పోతాయి, అయితే పూటంతా పడుతుంది. జోసెఫ్ చీమలున్న బోర్డును గుడ్లతో సహా పట్టకారుతో ఊడదీసి ఓ గాజు సీసాలో పెట్టి మూత బిగించాడు. పరీక్షల కోసం ఉంచుకున్న ఇంకో బోర్డు బీరువాలో ఉంది. పెట్టెను వార్తాపత్రిక మీద బోర్లించి తట్టాడు, గాలిమిషనుతో ఊదాడు. ఎక్కడెక్కడి నుంచో ఇంకా రాలుతూనే ఉన్నాయి. ఆ బోర్డు బిగించి పదహారు తీగలూ ఒక్కొక్కటే అతికించాడు. తొమ్మిదో తీగ అతుకు నిలవకపోతే గీకేసి మళ్లీ అతికించాడు. మందాకిని పక్కనే కూర్చుని వడపోత హద్దును మొదటి చోటికి తెచ్చింది. పూరణిని పూర్తిగా తీసేసింది. ఇక ఏ అక్షరానికి ఆ అక్షరమే.

మూడవుతుండగా జోసెఫ్ స్కూటరు మీద బయల్దేరారు. పెట్టె ఆవిడ ఒళ్లో, సీసా స్కూటరు డిక్కీలో. వంతెన మీద చేపల లారీ అడ్డంగా ఆగి ఉంది. ఏనాడూ ఎవర్నీ పల్లెత్తు మాట అనని పెద్దమనిషి జోసెఫ్ ఆ డ్రైవర్ని వీరభద్రం భాషలో తిట్టాడు.

ఇంటి ముందు డాక్టరు కారు ఉంది.

గదిలో సాంబ్రాణి వాసన. వీరభద్రానికి తల దువ్వి, కొత్త పంచె చుట్టి, గడ్డం గీశారు. రాజ్యలక్ష్మి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. డాక్టరు భాస్కరం గారు చేతులు తుడుచుకుంటున్నారు. పెట్టె ఉండే స్టూలు మీద చిన్న గిన్నెలో పరమాన్నం.

"డాక్టరు గారూ, ఆగండి" అంది మందాకిని గుమ్మంలోంచే. "నేను పెట్టిన సంతకం తప్పు."

డాక్టరు తువ్వాలు పక్కన పెట్టారు. రాజ్యలక్ష్మి తల తిప్పి చూసింది. జోసెఫ్ సీసాను రాజ్యలక్ష్మి చేతికిచ్చాడు.

"పెట్టెలో ఇవున్నాయమ్మా. మీవారి తీగలు తెగిపోయి నలభై రోజులైంది. అప్పటి నుంచి మాట్లాడింది ఆయన కాదు. ఇవి అటూ ఇటూ నడిస్తే పెట్టె ఏవో మాటలు అల్లింది."

రాజ్యలక్ష్మి సీసాను వెలుతురుకి ఎత్తి చూసింది. లోపల చీమలు గుడ్లు మోసుకుని గాజు మీదికి ఎక్కుతున్నాయి, జారుతున్నాయి. చాలాసేపు చూసింది.

"ఇవా" అంది. "నన్ను పేరు పెట్టి పిలిచింది ఇవా?"

ఆవిడ సీసాను నేల మీద పెట్టింది. చెంగుతో చేతులు తుడుచుకుంది, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. "ఈ తీపంతా నేనే కదే పెట్టాను" అంది. ఆపైన మంచం మీది మనిషి వంక చూడలేక గోడ వంక తిరిగింది.

మందాకిని టోపీ తీసి బావ తలకి పెట్టింది. పదహారు గుండీలూ సర్దింది. పరమాన్నం గిన్నె పక్కకి తీసి పెట్టెను స్టూలు మీద పెట్టింది. తీగ పెట్టెలో గుచ్చింది. "బావా, మందాకినిని. తీగ బాగుచేశాం. పూరణి తీసేశాను. ఇప్పుడు నువ్వేమంటే అదే వస్తుంది. అక్షరాలు నడుస్తున్నాయి" అంది.

తెర వెలిగింది. అక్షరాలు ఒక్కొక్కటే వెళుతున్నాయి. 'వ' దగ్గర వెలుగు ఆగింది. తరవాత 'ద్దు'.

వద్దు.

డాక్టరు ముందుకి వంగారు. తెర ఆగలేదు. మళ్లీ 'వ', మళ్లీ 'ద్దు'. వద్దు. వద్దు. వద్దు. ఖాళీ లేకుండా, ఊపిరి తీసుకునేంత ఎడం కూడా లేకుండా. తీగ అతికిందని ఆయన ఇంకా నమ్మినట్టు లేదు. తొమ్మిది రోజులుగా తెగిన తీగలోకి ఇదే మాట అంటున్నాడని మందాకినికి అర్థమైంది. మెలకువ వచ్చినప్పుడల్లా అని ఉంటాడు. ఆవిడ ఈ మంచం పక్కనే కూర్చుని సంతకం పెట్టినప్పుడు కూడా అంటూనే ఉండి ఉంటాడు.

"వినిపించింది బావా" అంది మందాకిని ఏడుస్తూ. "వినిపించింది. ఇక ఆపు. ఎవరూ ఏమీ చెయ్యరు."

పదకొండోసారికి తెర ఆగింది.

డాక్టరు భాస్కరం గారు కుర్చీలో కూలబడ్డారు. సంచీలోంచి మందాకిని సంతకం పెట్టిన కాగితం తీసి రెండుగా చించి ఆవిడ చేతికే ఇచ్చారు. "ఇరవై నిమిషాలు ఆలస్యమై ఉంటే" అన్నారు. ఆ మాట పూర్తిచెయ్యకుండానే లేచి వెళ్లిపోయారు. ఆయన్ని సాగనంపడానికి జోసెఫ్ బయటికి నడిచాడు.

రాజ్యలక్ష్మి మంచం దగ్గరికి వచ్చింది. మొగుడి చెయ్యి పట్టుకుంది. "తప్పయిపోయిందయ్యా. నువ్వే అడిగావనుకున్నాం" అంది.

తెర మీద అక్షరాలు మళ్లీ కదిలాయి. ఊహించి పూర్తిచేసేది లేదు కనుక ఆ వాక్యానికి పావుగంట పట్టింది. ఒక్కో అక్షరం వస్తుంటే ఇద్దరూ చదువుతూ నిలబడ్డారు, సగానికి వచ్చేసరికే మిగతాది ఏమిటో ఇద్దరికీ తెలిసిపోయింది. అయినా చివరిదాకా చూశారు.

ఒక్క పూటలో ఒప్పుకున్నారు.

మందాకినికి చెంప మీద కొట్టినట్టయింది. లెక్క సరిగ్గా ఉంది. పదకొండింటికి పెట్టె అడిగింది. భోజనాల వేళకి అక్క తనకి ఫోన్ చేసింది. మూడున్నరకి తను సంతకం పెట్టింది. ఆ మధ్యలో ఎవ్వరూ, ఒక్కరంటే ఒక్కరు, ఆయన్ని ఇంకోసారి అడగలేదు. నిజమేనా అని గాని, ఎందుకని గాని. ఇంజను కొనేటప్పుడు కూడా ఆ ఇంట్లో నాలుగు రోజులు వాదించుకునేవాళ్లు.

మందాకిని పెట్టె రాసుకున్న ఆ పేజీ సంగతి ఎత్తలేదు. అక్క ఫోన్లో అన్న ఆ మాట ఎప్పటికీ చెప్పకూడదని స్కూటరు మీదే అనుకుంది. చెప్పాల్సిన అవసరం రాలేదు.

"ఔను, ఒక్క పూటే" అంది రాజ్యలక్ష్మి. గొంతు ఎత్తలేదు, ఏడవలేదు. "అబద్ధమాడను. ఆ పొద్దున నేను పిన్నితో ఫోన్లో అన్నాను, ఈ మిషను ఇక చాలని. అలిసిపోయానయ్యా. ఏడాదిన్నర నుంచి రెండు గంటలు వరసగా నిద్రపోలేదు. ఆ వెంటనే నీ గొంతులో అదే మాట వచ్చేసరికి, నా మనసులోది నీకు తెలిసిపోయిందనుకున్నాను. భయం వెయ్యాలి కదా, ఏడుపు రావాలి కదా. నాకు ప్రాణం హాయిగా అనిపించింది. అందుకే మళ్లీ అడగలేదు. అడిగితే కాదంటావేమోనని."

మందాకిని అక్కను అలా చూస్తూ ఉండిపోయింది. తోడబుట్టిన మనిషి, నలభై ఏళ్లుగా చూస్తున్న మనిషి. ఇంత మాట మొగుడి మొహం మీద అనగలదని ఎన్నడూ అనుకోలేదు. ఊపిరి మిషను మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. తెర మీద అక్షరాలు ఒక వరస పూర్తిగా నడిచి వెళ్లిపోయాయి, ఎక్కడా ఆగలేదు. ఇంకో వరస కూడా అలాగే వెళ్లింది. ఇక ఆయన మాట్లాడడనుకుంది మందాకిని.

మూడో వరసలో వెలుగు ఆగింది.

విన్నాను.

రాజ్యలక్ష్మి చేతిలోంచి మొగుడి చెయ్యి జారింది. "ఫోన్లో అన్నదా?" అంది. "ఆ రోజే విన్నావా?"

వెలుగు మళ్లీ నడవడం మొదలుపెట్టింది. ఈసారి అక్షరాలు మూడే. ఒక్కో దానికీ ఎప్పటికంటే ఎక్కువసేపే పట్టింది. రాజ్యలక్ష్మి వాటిని పైకి చదివింది, చిన్నపిల్ల కూడబలుక్కున్నట్టు.

"ప. డు. కో."

ఆవిడ తెర వంక చూసింది, ఆయన వంక చూసింది. చెల్లెలి వంక చూసి, "పడుకోమంటున్నాడే" అంది, నమ్మలేనట్టు.

"పడుకో అక్కా. నేను కూర్చుంటాను."

రాజ్యలక్ష్మి చాప పరుచుకోలేదు, దిండు తెచ్చుకోలేదు. మంచం పక్కన గచ్చు మీదే చెంగు పరిచి, చెయ్యి తలకింద పెట్టుకుని ఒరిగింది. మందాకిని కుర్చీ దగ్గరికి లాక్కుని తెరను బావ వైపు సర్దేలోగానే ఆవిడకి నిద్ర పట్టేసింది.